చెవిలో హోరు, చెవికి పడని చప్పుడు
రెండు బాధలకు మూలం ఒక్కటే

మరమగ్గాల షెడ్డులో పది పన్నెండేళ్లు పనిచేసిన మనవారిని ఎవరినైనా పక్కకు పిలిచి అడిగి చూడండి. "చెవిలో ఏమైనా మోత ఉన్నదా?" అంటే ముందు నవ్వుతారు. "ఎవరికి లేదు?" అంటారు. కాస్త ఆగి, "రాత్రి దీపం ఆర్పి పడుకుంటే కీచురాయి అరిచినట్లు ఒకటే రొద" అని ఒప్పుకుంటారు. ఇది మనలో చాలామంది ఎరిగిన సంగతే.

కాని ఆ మనిషే ఇంటిలో మరొక విధంగా బాధపడుతూ ఉంటాడు. స్టీలు పళ్లెం చేజారి నేల మీద పడితే ఉలిక్కిపడతాడు. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుంటాడు. పిల్లలు కేకలు వేస్తూ ఆడుకుంటే విసుక్కుంటాడు, ఒక్కొక్కసారి చెయ్యి కూడా ఎత్తుతాడు. రోజుకు పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడే మనిషికి గిన్నె చప్పుడు పడకపోవడమేమిటని ఇంటివారికి ఆశ్చర్యం. "షెడ్డులో లేని చిరాకు ఇంట్లోనే ఎందుకు వస్తుంది? మేమంటేనే గిట్టదు" అని ఇల్లాలు కన్నీరు పెట్టుకుంటుంది. ఆ మనిషికి కూడా తనకేమి జరుగుతున్నదో తెలియదు. తన స్వభావమే చెడిపోయినదని లోలోపల కుమిలిపోతాడు.

ఇది స్వభావ దోషం కాదు, చెవికి సంబంధించిన బాధ. చెవిలో హోరుకూ, చిన్న చప్పుడు పడకపోవడానికీ దగ్గర చుట్టరికం ఉన్నది. ఆ చుట్టరికం తెలియక మనవారు చేస్తున్న పొరపాటు ఒకటున్నది: చెవులను కాపాడుకోవలసిన చోట కాపాడుకోరు, కాపాడుకోనవసరం లేని చోట దూది కుక్కుకుంటారు. ఈ సంగతి సోలాపురం, భివండి మొదలుకొని దొడ్డబళ్లాపురం, సేలం, బరంపురం, యానాం వరకు మగ్గాన్ని నమ్ముకున్న ప్రతి తెలుగు కుటుంబమూ తెలుసుకోవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

రెండు బాధలు ఏవేవి?

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలోనో, తలలోనో గింగురుమనే ధ్వని వినపడడం మొదటిది. కొందరికి అది కీచురాయి వలె, కొందరికి ఈల వలె, కొందరికి దూరాన ప్రెషరు కుక్కరు ఆవిరి పోతున్నట్లు ఉంటుంది. మన పాత వైద్యులు దీనిని కర్ణనాదమన్నారు. ఇంగ్లీషు వైద్యులు టిన్నిటస్ అంటారు. మనం చెవి హోరు అందాము.

ఇతరులు మామూలుగా భరించే చప్పుడు ఒకరికి మాత్రం చాలా పెద్దదిగా తోచడం, లేదా నొప్పి కలిగించడం రెండవది. దీనిని వైద్యులు హైపరాకూసిస్ అంటారు. మనం చప్పుడు పడకపోవడం అందాము.

చెవి హోరుతో ఆసుపత్రికి వచ్చేవారిలో సుమారు పదిమందికి నలుగురిలో చప్పుడు పడకపోవడం కూడా ఎంతో కొంత కనపడుతుందని వైద్యుల అంచనా. చప్పుడు పడదని వచ్చేవారిలోనైతే ఎక్కువమందికి హోరు కూడా ఉంటుంది. ఇంతగా జతపడి తిరిగే రెండు బాధలకు మూలం ఒకచోటనే ఉండవలెను గదా! అది ఎక్కడ ఉన్నదో చూద్దాము.

చెవిలోని పడుగు

చప్పుడు గాలిలో వచ్చి చెవిలోని పొరకు తగులుతుంది. పొర వెనుక మూడు చిన్న ఎముకలు ఉన్నవి. అవి ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. లోపలి చెవి నత్తగుల్ల వలె చుట్టలు తిరిగి, నీటితో నిండి ఉంటుంది. అందులో అతి సన్నని నూగు కలిగిన కణాలు వరుసలుగా అమరి ఉన్నవి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000. వీటిలో 3,500 దాకా మెదడుకు కబురు పంపేవి. మిగిలినవి చిన్న చప్పుడును పెంచి ఇచ్చేవి. ఇక్కడి నుండి మెదడుకు పోయే నరంలో సుమారు 30,000 పోగులున్నవి.

నేతపనివారికి ఈ లెక్క అర్థం కావడం కష్టం కాదు. దీనిని ఒక పడుగు అనుకోండి. రోజూ పెద్ద మోత తగిలినకొద్దీ కణాలు అలసిపోతాయి, వంగిపోతాయి, చివరకు చచ్చిపోతాయి. మగ్గం మీద పోగు తెగితే మనం ముడి వేసుకుంటాము. మనిషి చెవిలో చచ్చిన నూగు కణం మళ్లీ మొలవదు. దానికి ముడి వేసే నేర్పు ఇంకా ఏ వైద్యునికీ పట్టుబడలేదు.

మోత వల్ల మొదట దెబ్బ తినేవి కీచు స్వరాలను పట్టే కణాలు. సెకనుకు 4,000 కంపనాల ధ్వని చుట్టూ ఈ నష్టం ముందుగా కనపడుతుంది. అందువల్లనే చాలాకాలం వరకు మనిషికి తన చెవుడు తెలియదు. మాట వినపడుతుంది గాని స, శ, త, క వంటి అక్షరాలు జారిపోతాయి. ఆడవారి గొంతు, పిల్లల గొంతు అందకుండా పోతుంది. ఇటువంటివారికి చెవిలో వినపడే హోరు కూడా తరచు ఆ పోయిన స్వరాల దగ్గరదే, అనగా కీచుగానే ఉంటుంది.

వినికిడి పరీక్షలో అంతా సరిగానే ఉన్నదని తేలినా హోరు తగ్గనివారున్నారు. ఆ సంగతి తేటపడడానికి 2009లో అమెరికాలో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన సాయపడింది. రెండు గంటలసేపు పెద్ద మోత వినిపించిన ఎలుకల వినికిడి కొద్ది రోజులలో యథాస్థితికి వచ్చింది. కణాలూ బ్రతికే ఉన్నవి. కాని కణానికీ నరానికీ మధ్యనున్న అతుకులు కొన్నిచోట్ల సగం దాకా ఊడిపోయినవి. మనుషులలో కూడా ఇటువంటిది జరుగుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కావున "పొద్దున లేచేసరికి చెవి తేరుకున్నది గదా" అని నిశ్చింతగా ఉండరాదు.

మెదడు గొంతు పెంచుతుంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. చెవి నుండి రావలసిన కబురు తగ్గినప్పుడు మెదడు ఊరుకోదు. తక్కువైన దానిని పెంచుకొని వినడానికి ప్రయత్నిస్తుంది.

రేడియోను తలచుకోండి. దూరపు స్టేషను సరిగా అందకపోతే మనం గొంతు పెంచుతాము. పాట కొంచెం పెరుగుతుంది, దానితో పాటు బుర్రుమనే రొద కూడా పెరుగుతుంది. ఆ రొద ఏ స్టేషనూ పంపినది కాదు, రేడియోలోనిదే. గొంతు తగ్గి ఉన్నప్పుడు అది మనకు వినపడలేదు, అంతే. అదే సమయంలో ముల్లు జరిగి దగ్గరి స్టేషను తగిలినదనుకోండి. ఇల్లంతా అదిరిపోయి చెవులు మూసుకుంటాము.

మన తలలో జరిగేదీ ఇంచుమించు ఇదే. చప్పుడు లేనప్పుడు కూడా నరాలలో ఎంతో కొంత కదలిక ఎప్పుడూ ఉంటుంది. మెదడు గొంతు పెంచినప్పుడు ఆ కదలికే కీచురాయి వలె వినపడుతుంది. ఇది చెవి హోరు. అలా గొంతు పెంచి ఉన్న సమయంలో పళ్లెం పడితే, ఆ చప్పుడు అసలుకంటె ఎన్నోరెట్లుగా తగులుతుంది. ఇది చప్పుడు పడకపోవడం. ఒకటి రొద పెరగడం, రెండవది పాట పగిలిపోవడం. తిప్పిన మీట మాత్రం ఒక్కటే.

దీనికి దగ్గరిదే మరొకటి కూడా చెప్పుకోవలెను. మన ఇళ్లలో పెద్దవారితో మెల్లగా మాట్లాడితే "ఏమిటి? ఏమన్నావు?" అంటారు. రెండుసార్లు అడిగిన మీదట గట్టిగా చెబితే "ఎందుకు అరుస్తావు? నేనేమి చెవిటివాడినా?" అని కోపపడతారు. ఇందులో వారి తప్పు లేదు. చిన్న చప్పుడును పెంచి ఇచ్చే కణాలు పోయినవి గనుక మెల్లని మాట అందదు. పెద్ద చప్పుడుకు ఆ కణాల సాయం అక్కరలేదు గనుక గట్టి మాట మాత్రం వెనుకటి వలెనే తగులుతుంది. వినపడకపోవడానికీ, విని ఓర్వలేకపోవడానికీ మధ్య ఎడం తగ్గిపోయినదన్నమాట. ఇటువంటివారితో అరవడం కాదు, ఎదురుగా కూర్చుండి, ముఖం కనపడేటట్లు, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడవలెను.

పరీక్షించి చూసిన సంగతులు

ఈ మాటలు ఊహించి చెప్పినవి కావు. 1953లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు చెవి హోరు లేదని చెప్పిన 80 మందిని చప్పుడు చొరరాని గదిలో కూర్చుండబెట్టి, ఏమైనా వినపడుతున్నదా అని అడిగారు. నూటికి 94 మంది ఏదో ఒక ధ్వని వినపడుతున్నదన్నారు. అనగా పూర్తి నిశ్శబ్దంలో ఆరోగ్యవంతుని తల కూడా మోగుతుంది.

2012లో ఇంగ్లండులో 18 మందికి ఒక చెవిలో ఏడు రోజులపాటు బిరడా పెట్టి ఉంచారు. వారిలో 14 మందికి చెవిలో లేని ధ్వనులు వినపడసాగినవి. బిరడా తీసిన తరువాత అవి పోయినవి. చెవికి ఏ దెబ్బా తగలకుండానే, కేవలం చప్పుడు అందకపోవడం వల్లనే హోరు పుట్టినదన్నమాట.

2003లో అమెరికాలో ప్రకటించిన పరిశోధన మనకు మరీ ముఖ్యమైనది. కొందరు రెండు వారాలపాటు రెండు చెవులలోనూ బిరడాలు పెట్టుకున్నారు. మరికొందరు అంతకాలమూ చెవి దగ్గర మంద్రమైన గాలి వీచినట్టి ధ్వనిని వింటూ గడిపారు. రెండు వారాల తరువాత చూడగా, బిరడాలు పెట్టుకున్నవారికి మామూలు చప్పుళ్లు మునుపటికంటె పెద్దవిగా తోచినవి. మంద్ర ధ్వని విన్నవారికి మునుపటికంటె చిన్నవిగా తోచినవి.

ఈ రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూడండి. చెవిని చప్పుడుకు దూరంగా మూసి ఉంచితే హోరు పుడుతుంది, చప్పుడు పడకపోవడమూ పుడుతుంది. చెవి హోరున్న మన సోదరుడు ఇంటికి వచ్చి, గిన్నెల చప్పుడు భరించలేక రోజంతా దూది కుక్కుకొని, తలుపులు మూసుకొని కూర్చుంటే, తన రెండు బాధలకూ తానే ఎరువు వేసుకుంటున్నాడన్నమాట.

భయం పాత్ర

ఒకే విధమైన హోరు ఉన్న ఇద్దరిలో ఒకరు హాయిగా నిద్రపోతారు, ఒకరు నిద్ర లేక కృశిస్తారు. ఈ తేడా ఎందుకని ఆలోచించినవారిలో పావెల్ యాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఒకరు. 1990లో ఆయన ఒక సిద్ధాంతం ప్రకటించాడు. హోరు ఎంత పెద్దది అన్నదానికంటె, మెదడు దానిని ఏమనుకుంటున్నది అన్నదే ముఖ్యమని దాని సారాంశం.

షెడ్డులో సాంచాల మోతకు అలవాటు పడిన నేతగాడు ఆ మోతలో కునుకు కూడా తీయగలడు. ఒక్క మగ్గం ఆగితే మాత్రం వెంటనే కళ్లు తెరుస్తాడు. ఏలనగా, ఆగిన మగ్గం కూలికి నష్టం. మెదడు అపాయమనుకున్న దానినే పట్టుకొని వింటుంది. తక్కినది వదిలివేస్తుంది. "ఈ హోరు వల్ల పిచ్చి పడుతుందేమో, పూర్తిగా చెవుడు వస్తుందేమో" అని భయపడినకొద్దీ మెదడు దానినే కావలి కాస్తుంది. అలాగే "ఇప్పుడు గిన్నె పడుతుందేమో" అని ఎదురు చూసేవానికి గిన్నె చప్పుడు పిడుగు వలె తగులుతుంది. నిద్ర చాలని రోజున, మనసు బాగులేని రోజున రెండు బాధలూ పెరుగుతాయన్నది అనుభవజ్ఞులందరికీ తెలుసు.

కావున హోరు ప్రాణాపాయం కాదని తెలుసుకోవడం కూడా వైద్యంలో ఒక భాగమే.

మన షెడ్డుల మోత

వృత్తి వల్ల చెవి చెడడం కొత్త సంగతి కాదు. వెనిస్ నగరంలో రాగి పాత్రలు కొట్టే పనివారు చెవిటివారవుతున్నారని ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 18వ శతాబ్ది ఆరంభంలోనే వ్రాశాడు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో నేత స్త్రీలు మోతలో మాట వినపడక, పెదవుల కదలికను బట్టే మాట్లాడుకునేవారు. 1965లో స్కాట్లండులోని డండీ నగరపు జనపనార మిల్లుల నేత స్త్రీల వినికిడిని పరీక్షించి ప్రకటించిన నివేదికలో, పనిచేసిన ఏళ్లు పెరిగినకొద్దీ వినికిడి ఎలా తరిగిపోయినదీ వివరంగా ఉన్నది. మన షెడ్డులలో సైగలతో మాట్లాడుకునే అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ ఈ కథ పరాయిది కాదు.

చప్పుడును డెసిబెల్లులలో కొలుస్తారు. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసేవారికి 85 డెసిబెల్లులు మించరాదని అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ సలహా. ప్రతి 3 డెసిబెల్లులకూ చప్పుడు బలం రెట్టింపవుతుంది. కావున ఉండదగిన కాలం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట మాత్రమే. నాడెతో నడిచే మరమగ్గాల షెడ్డులో చప్పుడు తరచు 95 నుండి 100 దాకా, ఒక్కొక్కచోట అంతకు మించి కూడా ఉంటుంది. మనవారు అందులో పన్నెండు గంటలు గడుపుతున్నారు. ఇక లెక్క మీరే వేసుకోవచ్చును.

కొలిచే యంత్రం లేనివారికి ఒక సులువైన గుర్తు: చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషికి వినపడడానికి గొంతు చించుకోవలసి వస్తే, ఆ చోటు చెవికి మంచిది కాదు.

చేతి మగ్గం మోత ఇంత ఉండదు. అయినప్పటికీ ఇరుకు గదిలో నాలుగైదు జకార్డు మగ్గాలు కలిసి ఆడేచోట జాగ్రత్త అవసరమే. ఇంటిలోనే మరమగ్గాలు పెట్టుకున్నవారు మరొక సంగతి గమనించవలెను. అక్కడ నేతగాని చెవులే కాదు, పక్క గదిలో ఉయ్యాలలోని పసిబిడ్డ చెవులు కూడా ఉన్నవి. పిల్లల పడక, చదువు మగ్గాల గదికి వీలైనంత దూరంగా ఉండవలెను. మధ్య తలుపు మూసి ఉంచవలెను.

చేయవలసినవి

ఒకటి: చెవులను షెడ్డులో మూయండి, ఇంటిలో తెరవండి. ఈ వ్యాసమంతటికీ ఇదే సారం. షెడ్డులోకి అడుగు పెట్టకముందే బిరడాలు పెట్టుకొని, బయటకు వచ్చిన తరువాత తీయవలెను. దూది వల్ల తగ్గేది కొద్ది డెసిబెల్లులే, దానిని నమ్ముకోరాదు. మందుల షాపులలో, పనిముట్ల దుకాణాలలో మెత్తని స్పాంజి బిరడాలు దొరుకుతాయి. శుభ్రమైన చేతులతో బిరడాను సన్నగా నలిపి, రెండవ చేతితో తల వెనుకనుండి చెవిని పైకి లాగి, లోపలికి జొనిపి, అది ఉబ్బేవరకు వేలితో అదిమి ఉంచవలెను. సరిగా పెట్టుకుంటే 15 – 20 డెసిబెల్లులు తగ్గుతుంది. పైన పెట్టుకునే చెవి కప్పులు కూడా మంచివే. చెవి కారేవారు డాక్టరును అడగకుండా బిరడాలు పెట్టరాదు.

రెండు: మగ్గం మోతను మగ్గం దగ్గరనే తగ్గించవలెను. మరమగ్గం చప్పుడులో హెచ్చు భాగం నాడెను కొట్టేచోటా, అది వచ్చి పెట్టెలో ఆగేచోటా పుడుతుంది. అరిగిపోయిన పికర్లు, తోలు పట్టీలు మార్చడం, వదులైన బోల్టులు బిగించడం, నూనె వేయడం, మగ్గం కాళ్ల కింద రబ్బరు దిమ్మలు వేయడం వల్ల అదురు, మోత కొంత తగ్గుతుంది. మగ్గానికీ ఆయుష్షు పెరుగుతుంది. యజమానులైన మన సోదరులు దీనిని ఖర్చుగా భావించరాదు.

మూడు: ఇంటిలో పూర్తి నిశ్శబ్దాన్ని కోరవద్దు. రాత్రి హోరు బాధిస్తే ఫ్యాను గాలి, తగ్గించి పెట్టిన రేడియో వంటి మంద్ర ధ్వని ఉండనివ్వండి. అది హోరును ముంచివేసేంత పెద్దదిగా ఉండనక్కరలేదు, హోరుతో కలిసి వినపడితే చాలు. చప్పుడు పడనివారు చెవికి హాయిగా ఉన్నంత చిన్న ధ్వనితో మొదలుపెట్టి, వారాలు గడిచినకొద్దీ కొంచెం కొంచెం పెంచుకోవలెను. ఇది నెలల తరబడి ఓపికతో చేయవలసిన పని. ఊరేగింపు బాజాలు, టపాకాయలు, పెళ్లి లౌడుస్పీకర్లు మాత్రం వేరు. అక్కడ చెవులు మూసుకోవడం న్యాయమే.

నాలుగు: చెవిలో నూనె, ఆకు పసరు పోయవద్దు. పొరకు చిల్లు ఉంటే అవి లోపలికి పోయి కీడు చేస్తాయి. పుల్లలు, పిన్నులు పెట్టి కెలకవద్దు.

డాక్టరును ఎప్పుడు చూడవలెను?

చెవి హోరున్న ప్రతివారూ ఒక్కసారైనా చెవి డాక్టరుకు చూపించుకొని వినికిడి పరీక్ష చేయించుకోవలెను. ఒక్కొక్కసారి గట్టిపడిన గులిమి తీయిస్తేనే హోరు పోతుంది. కొన్ని మందుల వల్ల కూడా హోరు రావచ్చును. హెచ్చు మోతాదు ఆస్పిరిన్, క్వినైన్, స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ అటువంటివి. అయితే డాక్టరును అడగకుండా ఏ మందూ మీకై మీరు మానరాదు.

ఒక చెవిలోనే హోరు ఉన్నా, నాడి కొట్టుకున్నట్లు లయగా వినపడినా, తల తిరుగుడు, చెవి కారడం, ముఖం ఒకవైపు వాలడం ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోతే అది అత్యవసరం. ఆ రోజే వెళ్లవలెను. మొదటి రోజులలో మందు పడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం హెచ్చు.

హోరును మాయం చేసే మాత్ర ఇంతవరకు లేదు. అటువంటిది ఇస్తామని ప్రకటనలు చేసేవారికి మీ కష్టార్జితాన్ని ఇవ్వవద్దు. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం పెడితే చెవికి అందవలసిన కబురు అందుతుంది. చాలామందికి దానితో హోరు కూడా వెనుకకు తగ్గుతుంది. భయాన్నీ, బాధనూ తగ్గించుకొనేటట్లు మనసుకు తర్ఫీదు ఇచ్చే చికిత్స కూడా మేలు చేస్తుంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబాయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఈ విషయాలలో పేరుపొందినవి. దూరం పోలేనివారు జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో ముందుగా విచారించవచ్చును.

పనిలోని మోత వల్ల వచ్చే వినికిడి నష్టాన్ని మన దేశంలో చట్టం వృత్తి రోగాల జాబితాలో చేర్చినది. కార్మికులు తాము పనిచేసిన కాలానికి సంబంధించిన కాగితాలు, వినికిడి పరీక్షల నకళ్లు భద్రపరచుకోవలెను. పనిలో చేరిన కొత్తలో ఒకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి పరీక్ష చేయించుకుంటే నష్టం మొదట్లోనే బయటపడుతుంది.

ఇంటివారికి ఒక మాట

మొదట చెప్పుకున్న ఆ ఇంటికి తిరిగి వద్దాము. అక్కడి ఇల్లాలితో మేము చెప్పేది ఇది: అమ్మా, ఆయన కోపం మీ మీద కాదు. షెడ్డులో ఎడతెగని మోత ఉండగా లోపలి హోరు వినపడదు, గిన్నె పడ్డా తెలియదు. ఇంటిలో నిశ్శబ్దం ఉన్నది గనుక రెండూ బయటపడుతున్నవి. పళ్లేలు నెమ్మదిగా పెట్టండి, కుక్కరు ఎక్కించే ముందు ఒక మాట చెప్పండి. చెప్పి చేసిన చప్పుడుకు మనిషి అంతగా ఉలిక్కిపడడు. అంతమాత్రాన పిల్లల నోరు నొక్కవద్దు. వారి మాటలు, ఆటలు ఆయన చెవికి అవసరమైన మందే.

ఆ సోదరునితో చెప్పేదీ ఉన్నది: నాయనా, నీ బాధ నిజమైనదే. సిగ్గుపడి దాచుకోకుండా ఇంటిలో చెప్పు. పిల్లవాడు అడిగితే, "నా చెవిలో ఒక కీచురాయి ఉన్నదిరా, నువ్వు గట్టిగా అరిస్తే అది లేస్తుంది" అని చెప్పు. పిల్లవాడు నవ్వుతాడు, గొంతు కూడా తగ్గిస్తాడు. దెబ్బ కొట్టనక్కరలేదు. సాయంకాలం దూది తీసి వాకిట్లో కూర్చో. రేపు షెడ్డుకు పోయేటప్పుడు మాత్రం బిరడాలు జేబులో ఉన్నవో లేవో చూసుకో.

మన సంఘ శాఖలు ఈ ఏడాది జరుపుకొనే సమావేశాలలో ఒక పూట చెవి పరీక్షకు కేటాయించవలెనని, కొత్తగా పనిలో చేరే యువకులకు ప్రతి షెడ్డులోనూ బిరడాలు అందజేయవలెనని కోరుతున్నాము. పోయిన వినికిడిని మనం తిరిగి తేలేము. ఉన్నదానిని నిలుపుకోవడం మాత్రం మన చేతిలోని పని.